ఫ్యాను తిరిగే గది ఒకటి ఇవ్వండి

రాయదుర్గంలోని టీ-వర్క్స్ నిర్వాహకులకు,



ఎవరైనా వచ్చి వస్తువులు చేసుకునే మీ భవనంలో ఒక చిన్న గది అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు చాలు. అందులో ఒక బల్ల, మామూలు లాప్‌టాప్ ఒకటి, నాలుగైదు రకాల మైకులు, వైరున్న హెడ్‌ఫోన్లు, పైన ఒక సీలింగ్ ఫ్యాను ఉండాలి. ఫ్యాను తప్పనిసరి. ఎందుకన్నది ఉత్తరం పూర్తయ్యేలోపు మీకే తెలుస్తుంది. మీకొక్కరికే పంపకుండా అందరూ చదివేలా రాయడానికి కారణం ఉంది. ఆ గది ఎవరికి కావాలో వాళ్లు కూడా ఇది చదవాలి. అది దొరికేలోపు వాళ్ల డబ్బు వృథా కాకూడదు.

నేను ఈ ఐటీ కారిడార్‌లోనే పనిచేస్తాను. కాల్స్‌లో, ఆన్‌లైన్ మీటింగుల్లో మాట ఎంత స్పష్టంగా వినబడుతోందో పరీక్షించడం నా ఉద్యోగం. ఉండేది మాదాపూర్‌లో. అయ్యప్ప సొసైటీ నుంచి కొండాపూర్, గచ్చిబౌలి దాకా ఏ సందులోకి వెళ్లినా పీజీ హాస్టళ్లే. వాటిలో ఉండే పిల్లలు పగలో రాత్రో షిఫ్టు ముగించుకొచ్చి, ఇంత తిని, ఫోన్లోనో లాప్‌టాప్‌లోనో ఆట మొదలుపెడతారు. కొందరికి ఆడడం కన్నా ఆటను చెప్పడం ఇష్టం. బీజీఎంఐ మ్యాచ్‌కు తెలుగులో కామెంటరీ చెబుతారు. జీటీఏలో తెలుగు పాత్రలు కట్టి గంటల తరబడి మాట్లాడతారు. ఊళ్లో సంక్రాంతికి జరిగే క్రికెట్ టోర్నమెంటు ఎవరో ఫోన్లో లైవ్ పెడితే, ఇక్కణ్ణుంచి దానికి గొంతు ఇస్తారు. నా పనేమిటో తెలిసినవాళ్లు ఒకరి వెంట ఒకరు వచ్చి ఒకటే అడుగుతారు, మొదటి మైకు ఏది కొనాలని.

నిరుడు ఒక కుర్రాడు వచ్చాడు. సూర్యాపేట దగ్గర పల్లె. “ఎనిమిది వేలు జమ చేసిన అన్నా. ఏ మైకు తీస్కోవాలె?” అన్నాడు. మూడు మైకుల ఫొటోలు ఫోన్లో దాచుకొని వచ్చాడు. “ముందు నీ గది చూపించు” అన్నాను. మైకు సంగతి అడిగితే గదంటాడేమిటన్నట్టు చూశాడు గానీ తీసుకెళ్లాడు.

ముగ్గురుండే గది. ఇనుప మంచాలు మూడు, టైల్స్ నేల, ఒక పక్క ప్లైవుడ్ పార్టిషన్, తెర లేని కిటికీ. తిరుగుతున్న ఫ్యానులోంచి సన్నగా టకటకమని చప్పుడు. గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టాను. గది కూడా తిరిగి చప్పట్లు కొట్టింది. ఎదురెదురుగా ఉన్న బోడి గోడల మధ్య శబ్దం బంతిలా అటూ ఇటూ కొట్టుకుంటే వచ్చే చప్పుడది. ఎనిమిది వేల మైకు పెట్టినా, ఎనభై వేల మైకు పెట్టినా అది మాటను అంటుకొనే వెళ్తుంది.

వాడి దగ్గర పాత ఫోనుతో వచ్చిన వైరు ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. మొదట ఫోనును మూడడుగుల దూరంలో బల్ల మీద పెట్టి ఒక ఓవరు కామెంటరీ చెప్పించాను. తర్వాత అమ్మ ఇచ్చి పంపిన బొంతను వాడి వెనకాల రెండు మంచాల రాడ్లకు కట్టి, ఇయర్‌ఫోన్ వైరు మీదుండే చిన్న మైకును నోటి కొసకు బెత్తెడు దూరంలో పట్టుకోమని, అదే ఓవరు మళ్లీ చెప్పించాను. ఫ్యాను ఆపలేదు. రెండూ వినిపించాను. రెండోదాన్ని వాడు మూడుసార్లు విన్నాడు. “ఇది నా గొంతేనా అన్నా?” అన్నాడు. ఆ ఎనిమిది వేలు ఆ తర్వాత మూడు నెలలు వాడి దగ్గరే ఉన్నాయి. ఆ మూడు నెలలూ వాడు రోజూ చెప్పాడు, విన్నాడు, సరిచేసుకున్నాడు.

ఇందులో మాయేమీ లేదు. మాట వచ్చే చోటికి మైకు దూరం సగం తగ్గిన ప్రతిసారీ మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది. మూడడుగుల నుంచి బెత్తెడుకు, అంటే మూడు అంగుళాలకు వస్తే దూరం పన్నెండో వంతు అవుతుంది, మాట 21 డెసిబెల్స్ పైన పెరుగుతుంది. ఫ్యాను మాత్రం ఉన్న చోటే ఉంది, దాని రొద అంతే ఉంది. ఇప్పుడు మాటకు తగ్గట్టు గెయిన్, అంటే మైకు సంకేతాన్ని పెంచే స్థాయి, తగ్గిస్తే ఆ రొద కూడా దానితో పాటు 21 డెసిబెల్స్ దిగిపోతుంది. ఏ దుకాణంలోనూ డబ్బుకు దొరకని లాభం ఇది. గదిలో జానెడు దూరం కూడా ఎక్కువే. బెత్తెడే కొలత.

ఇంత తెలిసిన నేనే 2020 లాక్‌డౌన్‌లో తప్పు చేశాను. మా అక్క కూతురికి భౌతికశాస్త్రం పాఠాలు రికార్డు చేసి పంపాలని, ఇనుప చేయి, నోటి గాలి ఆపే జాలీ, నురగ టోపీ అన్నీ కలిపి ఒక కండెన్సర్ కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. చూడటానికి స్టూడియోలా ఉంది. మొదటి పాఠంలోనే కింది అంతస్తు కుక్కర్ విజిల్ నా వాక్యం మీదుగా వెళ్లింది, ఫ్యాను గాలి ప్రతి మాట కిందా పరుచుకుంది. ఆ కిట్‌ను మా ఇంట్లో, మా ఫ్యాను కింద, నా గొంతుతో ఒక్క పావుగంట ముందే విని ఉంటే కొనేవాణ్ణి కాదు. వినడానికి చోటు లేదు. కోఠి గుజరాతీ గల్లీలో మైకు అడిగితే ఇప్పటికీ తీసి, తగిలించి, “హలో, హలో” అనిపించి మరీ ఇస్తారు. కానీ ఆ హలో వినబడేది రోడ్డు రద్దీలో, దుకాణం స్పీకర్లో. పీజీ గదిలో రాత్రి పదకొండింటికి ఆ మైకు ఎలా ఉంటుందో అక్కడ తెలియదు.

కండెన్సర్ మాట వచ్చింది కాబట్టి, పిల్లల్లో బాగా పాతుకుపోయిన ఒక నమ్మకం గురించి చెప్పాలి. కండెన్సర్ మైకు గదిలో చప్పుడంతా లాగేస్తుందని, డైనమిక్ మైకు మాట ఒక్కటే తీసుకొని మిగతాది వదిలేస్తుందని అంటారు. ఇది సగమే నిజం. సన్నని పొర, దాని వెనక ఒక లోహపు పలక, రెంటి మధ్య విద్యుదావేశం ఉంటే అది కండెన్సర్. బెల్ సంస్థల పరిశోధకుడు ఇ.సి. వెంటె 1916లో దీన్ని తయారుచేశాడు. పొరకు తీగచుట్ట అంటించి అయస్కాంతం మధ్య ఆడిస్తే అది డైనమిక్. మన ఊళ్లలో గుడి ఉత్సవానికీ ఎన్నికల ఆటోకూ కట్టే అహూజా మైకులు ఈ రకమే. ఏది మాటో ఏది ఫ్యానో తెలుసుకునే తెలివి రెంటికీ లేదు. ఏ దిక్కు నుంచి ఎంత వినాలన్నది ఒకేలా ఉన్న రెంటినీ ఒకే దూరంలో పెడితే మాటకూ రొదకూ మధ్య తేడా దాదాపు ఒకేలా ఉంటుంది. తేడా వాడకంలో వస్తుంది. డైనమిక్ మైకు బలహీనమైన సంకేతం ఇస్తుంది కాబట్టి మనిషి దాన్ని నోటి దగ్గరికి తెచ్చుకోక తప్పదు. కండెన్సర్ దూరం నుంచైనా పలుకుతుంది కాబట్టి బల్ల మీద వదిలేస్తాడు. పీజీలో ఉండేవాళ్లకు నేను డైనమికే చెబుతాను. దగ్గరగా మాట్లాడే అలవాటును అది బలవంతంగా నేర్పుతుంది, కింద పడ్డా తొందరగా పాడవదు. అసలు ఆ సూర్యాపేట కుర్రాడి ఇయర్‌ఫోన్‌లో ఉన్నది కూడా కండెన్సరే. 1962లో జేమ్స్ వెస్ట్, గెర్‌హార్డ్ సెస్లర్ బెల్ ల్యాబ్స్‌లో రూపొందించిన ఎలక్ట్రెట్ రకం. నోటికి బెత్తెడు దూరంలో ఉండబట్టి అది ఆ రోజు అంత బాగా పలికింది.

ఇక ఫ్యాను సంగతి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఫ్యాను ఆపి గంటసేపు కామెంటరీ చెప్పమనడం అన్యాయం. పైగా గదిలో ఇంకో ఇద్దరుంటారు. రికార్డింగ్ గురించి చదివేవాటిలోనూ చూసేవాటిలోనూ మొదటి సలహా ఫ్యాను ఆపమనే ఉంటుంది. మన గదికి ఆ సలహా పనికిరాదు. మనకు పనికొచ్చేది ఇది. కామెంటరీకి వాడే మైకుల్లో ఎక్కువ భాగం కార్డియాయిడ్ రకం. ముందువైపు బాగా వింటాయి, వీపువైపు బాగా తక్కువ. మైకుతో వచ్చే పొట్టి స్టాండును బల్ల మీద పెట్టి మైకును పైకి ఎత్తితే అది మన నోటినీ చూస్తుంది, సరిగ్గా మన తల మీదున్న ఫ్యానునూ చూస్తుంది. అదే మైకును కొంచెం పైనుంచి, నుదుటి ఎత్తులో పక్కగా నిలిపి, నోటివైపు కిందికి వంచితే దాని వీపు ఫ్యానుకు తగులుతుంది. చిన్న గదిలో రొద గోడలకు కొట్టుకొని అన్ని దిక్కుల నుంచీ వస్తుంది కాబట్టి పూర్తిగా పోదు. కానీ తేడా చెవికి తెలుస్తుంది. పైనుంచి వంచినప్పుడు కీబోర్డు దాని చూపులోకి వస్తుంది. అందుకే నిలువుగా కాకుండా పక్క నుంచి ఏటవాలుగా రావాలి. ఆ కోణం ఒక్కో బల్లకు ఒక్కోలా ఉంటుంది, కూర్చొని వెతుక్కోవాలి. మీ గదిలో ఫ్యాను ఎందుకు కావాలన్నానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. నిశ్శబ్దంగా ఉండే స్టూడియోలో ఏ మైకైనా బాగుంటుంది. మా పిల్లలు అక్కడ విని ఇంటికెళ్లి మళ్లీ మోసపోతారు.

బొంత వెనకాలే ఎందుకు కట్టానో కూడా చెప్పాలి. చాలామంది మైకు వెనక గోడకు నురగ పలకలు అంటిస్తారు, కోడిగుడ్ల అట్టలు కూడా అంటిస్తారు. గుడ్ల అట్ట పలచనిది, మాటలోని మంద్రమైన భాగాన్ని అది ఏమీ చేయలేదు. పైగా మైకు చూసేది మన మొహాన్నీ, మొహం వెనకున్న గోడనూ. మాట అన్ని గోడలకూ తగిలి, ఆ వెనక గోడ నుంచి మైకు ముందువైపుకు నేరుగా తిరిగొస్తుంది. కాబట్టి మెత్తనిది ఉండాల్సింది మన వెనక. పాత చీరలు మడతలు మడతలుగా కుట్టిన బొంత ఎంత బరువుంటుందో మీకు తెలుసు. అంత బట్టను దుకాణంలో కొనాలంటే బోలెడు ఖర్చు. గోడకు ఆనించకుండా జానెడు ఎడంగా వేలాడదీస్తే ఇంకా బాగా పనిచేస్తుంది.

మన భాషకు సంబంధించిన సంగతి ఇంకొకటి ఉంది. దీన్ని నేను ఎక్కడా చదవలేదు, పిల్లల రికార్డింగులు వినీ వినీ పట్టుకున్నాను. రొద కనబడకుండా చేయడానికి చాలామంది నాయిస్ గేట్ వాడతారు. గొంతు ఒక స్థాయి కంటే తగ్గగానే అది తలుపు మూసేస్తుంది. తెలుగులో వాక్యం చివరికొచ్చేసరికి గొంతు దిగుతుంది. కానీ మన అసలు సమాచారమంతా ఉండేది ఆ చివర్లోనే. క్యాచ్ పట్టాడా, పట్టలేదా? కొట్టింది అతనా, ఆమెనా, వాళ్లా? కొట్టాడు, కొట్టింది, కొట్టారు. ఇవన్నీ క్రియ తోకలో ఉంటాయి. గేట్ ఆ తోకను కోసేస్తుంది. వినేవాడికి “క్యాచ్ పట్ట” అని మాత్రం అంది, మిగతాది మాయమవుతుంది. ఆటను రికార్డు చేసి లైవ్ పంపడానికి అందరూ వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో ఈ గేట్ మొదట్లో 200 మిల్లీసెకన్లు ఆగి, ఇంకో 150లో మూసుకునేలా అమర్చి ఉంటుంది. తెలుగు కామెంటరీకి ఆగే సమయాన్ని 400, 500 దాకా పెంచమని, మూసే స్థాయిని ఇంకొంచెం కిందికి దించమని నేను చెబుతాను. రొద తగ్గించే ఇతర ఫిల్టర్లతోనూ ఇంతే జాగ్రత్త కావాలి. మాట చివర కొద్దిగా ఫ్యాను వినబడినా నష్టం లేదు, “లేదు” అన్న మాట పోతే మ్యాచే మారిపోతుంది.

ఇక పెదాల సంగతి. బంతి, బ్యాటు, బౌలర్, బౌండరీ, ఫోర్, భలే. క్రికెట్ కామెంటరీలో చాలా మాటలు పెదాలతో పలికేవే. మొహం ముందు అరచేయి పెట్టుకొని “భలే ఫోర్” అంటే గాలి ఎంత గట్టిగా తగులుతుందో తెలుస్తుంది. మైకు ఆ గాలి దారిలో ఉంటే ప్రతి బౌండరీకీ ధబ్‌మంటుంది. నోటికి ఎదురుగా కాకుండా నోటి కొస దగ్గర, గాలి పక్క నుంచి పోయేలా ఉంటే జాలీ కూడా అక్కర్లేదు.

ఎంత ఖర్చు పెట్టాలన్న ప్రశ్నకు నా జవాబు, మాట ఎవరు వింటారన్న దాన్ని బట్టి. స్నేహితులతో ఆడుతూ మాట్లాడుకోవడానికే అయితే నోటి ముందుకు కాడ వచ్చే వైరు హెడ్‌సెట్ చాలు. ఆటగాళ్లు మాట్లాడుకునే డిస్కార్డ్ వాయిస్ ఛానల్ మామూలుగా సెకనుకు 64 కిలోబిట్లకు కుదించి పంపుతుంది. “ఎడమ పక్క గోడ వెనకాల ఉన్నాడు” అన్నది స్పష్టంగా చేరడానికి అది సరిపోతుంది, ఖరీదైన మైకు సొగసు మాత్రం అందులో చాలావరకు కనబడదు. బ్లూటూత్ బడ్స్‌తో మాత్రం వద్దు. పాట వింటున్నప్పుడు బాగున్నవే, మైకు తెరవగానే కాల్ పద్ధతికి మారిపోతాయి. పాత బడ్స్‌లో సెకనుకు 8,000 నమూనాలు, కొంచెం మెరుగైనవాటిలో 16,000. వైరు మైకు 48,000 ఇస్తుంది. గొంతు పాత ల్యాండ్‌లైన్‌లోంచి వచ్చినట్టు ఉండటానికి కారణం ఇదే. పైగా మాట ఆలస్యంగా చేరుతుంది, వికెట్ పడ్డాక అరుపు వస్తుంది. ఎల్ఈ ఆడియో అనే కొత్త పద్ధతి దీన్ని చాలావరకు బాగుచేస్తుంది గానీ, బడ్స్‌లోనూ ఫోన్లోనూ రెండింట్లో అది ఉండాలి.

గంటసేపు ఎవరో పరాయివాళ్లు విని ఉండాలంటే అప్పుడు అసలు మైకు కావాలి. యూఎస్‌బీ, ఎక్స్‌ఎల్‌ఆర్ (స్టూడియో మైకుల వైరు) రెండు దారులూ ఉన్న డైనమిక్ మైకే మొదటి మైకుగా నేను చెప్పేది. శామ్‌సన్ క్యూ2యూ, ఆడియో-టెక్నికా ఏటీఆర్2100ఎక్స్ ఈ కోవవే. చౌకలో ఇంకా చాలా వచ్చాయి. ఇవాళ లాప్‌టాప్‌కు నేరుగా తగిలించవచ్చు, రేపు ఇంటర్‌ఫేస్ (ఎక్స్‌ఎల్‌ఆర్ మైకును లాప్‌టాప్‌కు కలిపే పెట్టె) కొన్నా మైకు మార్చక్కర్లేదు. మైకుకే హెడ్‌ఫోన్ రంధ్రం ఉండాలి, మన గొంతు ఆలస్యం లేకుండా మనకే వినబడాలి. తన గొంతు తనకు వినబడేవాడు అరవడు. పాడ్‌కాస్టుల్లో అందరి ముందూ కనబడే ష్యూర్ ఎస్ఎం7బీని చూసి పిల్లలు ఆశపడతారు. మంచి మైకే, కానీ దానికి 60 డెసిబెల్స్ దాకా గెయిన్ కావాలి. చౌక ఇంటర్‌ఫేస్ అంత ఇవ్వబోతే సరసరమంటుంది. అప్పుడు ఇంకో పెట్టె, ఇంకో వైరు, ఇంకో ఖర్చు. స్టూడియో కండెన్సర్లకైతే 48 వోల్ట్ల కరెంటు కూడా అందించాలి. మొదటి ఏడాదిలో ఇవేవీ అవసరం లేదు. ఫోనుకు కాలర్ మైకు కొని డెస్క్‌టాప్‌కు గుచ్చి “పనిచేయట్లేదు” అని వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఫోను పిన్నుకు నాలుగు భాగాలుంటాయి, డెస్క్‌టాప్ గులాబీ రంధ్రం మూడు భాగాల పిన్నుకు. నడుమ చిన్న అడాప్టర్ పెడితే సరిపోతుంది. ఇంతమాత్రం చెప్పేవాళ్లు లేక మంచి మైకులను తిప్పి పంపేసినవాళ్లను చూశాను.

గచ్చిబౌలిలో లేడీస్ హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి బాధ వేరు. “నేను గట్టిగా మాట్లాడలేనన్నా. పక్క మంచంలో అమ్మాయికి పొద్దున ఆరింటికి షిఫ్టు” అంది. చాలా మంచి గొంతు, ఆట మీద గొప్ప పట్టు. తగ్గించి మాట్లాడినా పట్టే యూఎస్‌బీ మైకు, నోటికి బెత్తెడు దూరం, ఇంతే ఆమెకు కావాల్సింది. లాప్‌టాప్ రంధ్రంలో గుచ్చే మైకుకు గెయిన్ పెంచితే సరసర ఎక్కువవుతుంది కాబట్టి అది వద్దన్నాను. ఆమె చెప్పిన రెండో సంగతికి నా దగ్గర పరికరం లేదు. ఆటలో మైకు తెరిచి, ఆడగొంతు అని తెలిసిన క్షణం నుంచి బూతులు మొదలవుతాయట. అందుకని నెలల తరబడి మైకు మూసుకొని ఆడింది. మీరు గది ఇస్తే అందులో వారంలో కొన్ని గంటలు అమ్మాయిలకే ఉంచండి. అక్కడ ఒకరి గొంతు ఒకరు విని మెచ్చుకొనేవాళ్లు నలుగురు దొరికితే, బయట మైకు తెరవడానికి ధైర్యం దానంతట అదే వస్తుందని నా నమ్మకం.

ఇదంతా ఒక సాఫ్ట్‌వేర్ ఊరికి ఎందుకంటారేమో. మాది కొత్తగూడెం. చిన్నప్పుడు శ్రీరామనవమి మధ్యాహ్నం మా వీధిలో ఏ ఇంట్లోంచి విన్నా రేడియోలో భద్రాచలం కల్యాణమే. ఉషశ్రీ గారు వ్యాఖ్యానం చెబుతుంటే తలంబ్రాలు మా ముందే పోస్తున్నట్టు ఉండేది. మా నాయనమ్మ రేడియోకు దండం పెట్టేది. ఆయన గొంతు అంత దూరం, అంత దగ్గరగా రావడం వెనక ఆకాశవాణి ఉంది. మైకు ఎక్కడ పెట్టాలో తెలిసిన ఇంజనీర్లున్నారు, జనం కోలాహలం ఎంత వినిపించాలో, ఎంత తగ్గించాలో తెలిసినవాళ్లున్నారు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. అంతకుముందే ఈ హైదరాబాద్‌లో దక్కన్ రేడియో ఉండేది. 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. గొంతు ఉన్నవాడికి గది, మైకు, నేర్పే మనిషి ఇచ్చి కూర్చోబెట్టే పని ఆ రోజుల్లో సంస్థలు చేశాయి. 2018 నుంచి ఐపీఎల్ తెలుగులో వింటున్నాం. తెలుగు కామెంటరీకి లక్షల చెవులున్నాయని దానితో తేలిపోయింది. ఆ చెవులకు కొత్త గొంతులు వచ్చేది ఈ పీజీ గదుల్లోంచే. కానీ ఇవాళ ఆ కుర్రాడే వ్యాఖ్యాత, వాడే ఇంజనీరు, వాడి గదే స్టూడియో. వాడికి పరికరాలు అమ్మేవాళ్లే గానీ, కూర్చోబెట్టి వినిపించేవాళ్లు ఎవరూ లేరు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. 2023 మార్చి 2న మీ 78,000 చదరపుటడుగుల భవనం తెరిచినప్పుడు, మనసులో ఆలోచన ఉన్న ఎవరైనా వచ్చి వస్తువు చేసుకోవచ్చన్నారు. గొంతు కూడా చేసుకోవలసిన వస్తువే. మీ దగ్గర వడ్రంగి బల్లలున్నాయి, లేజర్ కోత యంత్రాలున్నాయి, 3డి ప్రింటర్లున్నాయి, సర్క్యూట్ బోర్డులు చేసే పనిముట్లున్నాయి. మంచానికి బిగించుకొనే మైకు చేయి ఒకటి చెక్కతో అక్కడే చేయించవచ్చు. ఎలక్ట్రెట్ క్యాప్సూల్ కొన్ని రూపాయలకే దొరుకుతుంది. దానికి ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు కలిపి తన మైకు తానే అతికించుకున్న పిల్ల, ఆ తర్వాత ఏ ప్రకటన చూసీ మోసపోదు. హెల్సింకీలో 2018 డిసెంబర్‌లో తెరిచిన ఊడి గ్రంథాలయంలో పుస్తకాల పక్కనే రికార్డింగ్ గదులు, కుట్టుమిషన్లు, 3డి ప్రింటర్లు పెట్టారు, ఎవరైనా వచ్చి వాడుకుంటారు. మీ భవనం దానికేం తీసిపోదు. గదిని ఎలా అమర్చాలో సలహాకు దూరం వెళ్లక్కర్లేదు. మాటను శాస్త్రంగా చదివే ప్రయోగశాల గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలోనే ఉంది. ఈ రంగంలో దేశంలోనే పెద్దవారైన ఆచార్య బి. యజ్ఞనారాయణ గారు పనిచేసిన చోటు అది.

గదికి స్టూడియో హంగులు వద్దు. నాలుగు గోడల్లో రెండు బోడిగానే ఉంచండి, నేల టైల్స్ అయినా పర్వాలేదు. బొంతలు, రగ్గులు వేలాడదీయడానికి కొక్కేలు బిగించండి, ఎక్కడ కడితే ఏమవుతుందో పిల్లలే కట్టి వింటారు. బల్ల మీద మైకులు వరసగా పెట్టండి. కాలర్ మైకు, హెడ్‌సెట్, యూఎస్‌బీ కండెన్సర్, యూఎస్‌బీ డైనమిక్, ఇంటర్‌ఫేస్‌తో ఒక ఎక్స్‌ఎల్‌ఆర్. వాటి ధరలు మాత్రం మైకుల మీద అంటించొద్దు. కళ్లు మూసుకొని విని, ఏది తన గొంతుకు నప్పిందో చెప్పాకే ధర చూడాలి. తెర మీద ఓబీఎస్ మీటరు తెరిచి ఉంచండి. మామూలు మాట పసుపు గీతల్లో ఆడాలి, వికెట్ పడ్డప్పటి అరుపు కూడా ఎరుపు చివర కొట్టుకోకూడదు. వచ్చినవాళ్లు తమ రికార్డింగును తమ ఫోన్లో తీసుకెళ్లే వీలుండాలి. ఒక్కొక్కరికి అరగంట చాలు.

మైకులకు డబ్బు లేదంటే మొదటి ఆరు నెలలకు నా దగ్గరున్న నాలుగు, హెడ్‌ఫోన్లు రెండు జతలు తెచ్చిపెడతాను. 2020లో కొన్న ఆ కండెన్సర్ కిట్ కూడా తెస్తాను, దాన్ని వినడం కూడా అవసరమే. శనివారాలు సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా నేనే వచ్చి కూర్చుంటాను. సూర్యాపేట కుర్రాడు తనూ వస్తానన్నాడు. ఆ ఎనిమిది వేలల్లో సగం పెట్టి డైనమిక్ మైకు కొన్నాడు, మిగతా సగం ఇంటికి పంపాడు. మొన్న సంక్రాంతికి వాళ్ల ఊరి ఫైనల్ వాడే చెప్పాడు, ఇరవై ఓవర్లూ. ఆ గది కొక్కేలకు మొదటి బొంత తనే తెస్తానన్నాడు, వాళ్లమ్మ ఇంకొకటి కుడుతోందట.

మీరు ఒప్పుకుంటే వచ్చే శనివారమే మొదలుపెట్టవచ్చు. ఫ్యాను రెగ్యులేటరు ఐదు మీద ఉంచమని చెప్పండి.

ఇట్లు,
మాదాపూర్ నుంచి,
మాట పరీక్షించే ఒక ఉద్యోగి